ఉడాల్ఫో తెర వెనుక: ఆన్ రాడ్‌క్లిఫ్‌కు కాల్పనికోద్యమంలో చోటెక్కడ?

సాహిత్య చరిత్రల్లో ఆన్ రాడ్‌క్లిఫ్ పేరు ఒంటరిగా కనబడటం అరుదు. హోరస్ వాల్పోల్ వేసిన బాటలో నడిచిన మనిషిగానో, జేన్ ఆస్టిన్ పరిహాసానికి సరుకు అందించిన రచయిత్రిగానో, బైరన్ కథానాయకులకు అచ్చు పోసిచ్చిన నవలాకారిణిగానో ఆమెను తలుచుకుంటారు. 1790లలో ఇంగ్లండులో ఆమె అందుకున్నంత పారితోషికం అందుకున్న నవలాకారులు కొద్దిమందే. పాఠకులు ఆమె పుస్తకాల కోసం ఎదురు చూశారు, అనుకర్తలు డజన్ల కొద్దీ పుట్టుకొచ్చారు, పెద్ద కవులు ఆమెను చదివి వాడుకున్నారు. అయినా ఇంగ్లిష్ కాల్పనికోద్యమం పేర విస్తరి వేసినప్పుడు ఆమెను పంక్తిలో కూర్చోబెట్టాలా, గుమ్మం దగ్గరే నిలబెట్టాలా అన్న తగువు రెండు వందల ఏళ్ళుగా తెగలేదు.

తెలుగువాళ్ళకు ఈ తగువు పెద్దగా పరిచయం లేదు. దానికి కారణముంది. రొమాంటిసిజం మన దగ్గరికి పద్యం ద్వారా వచ్చింది. వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ భావకవుల తరానికి ఆప్తులయ్యారు. కృష్ణశాస్త్రి పేరు తలిస్తే షెల్లీని తలవకుండా ఉండలేని స్థితి ఒకప్పుడు ఉండేది. అదే కాలంలో ఇంగ్లండును ఊపేసిన గోథిక్ వచనం మాత్రం ఆ ఓడలో ఎక్కలేదు. కోటలు, సొరంగాలు, దెయ్యాలు అనగానే అది కాలక్షేపం కథల కోవ అని మనం కూడా తేల్చేశాం. ఆ తేల్చివేత మన సొంతం కాదు. అది ఆ కవులే మొదలుపెట్టింది. రాడ్‌క్లిఫ్ చోటు గురించిన చర్చలో అసలు పీటముడి అక్కడే పడింది.

తెలిసిన జీవితం, తెలియని మౌనం

ఆమె 1764 జులై 9న లండన్‌లో పుట్టింది. గోథిక్ నవలకు నాంది అనిపించుకున్న వాల్పోల్ 'కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' వెలువడిందీ ఆ ఏడాది చివర్లోనే. తండ్రి విలియం వార్డ్ దారాలు, గుండీలు, రిబ్బన్ల వంటి సామాన్ల వ్యాపారి. తర్వాత ఆయన బాత్ నగరానికి వెళ్ళి వెడ్జ్‌వుడ్, బెంట్లీల పింగాణీ దుకాణం చూసుకున్నాడు. ఆ బెంట్లీ ఆమెకు దగ్గర బంధువు. చదువూ అభిరుచీ ఉన్నవాళ్ళు వచ్చిపోయే ఇల్లు ఆయనది. 1787లో పత్రికా రచయిత విలియం రాడ్‌క్లిఫ్‌ను పెళ్ళి చేసుకుంది. పిల్లలు లేరు. భర్త పత్రికాఫీసులో పొద్దుపోయేదాకా పనిచేసే రోజుల్లో సాయంత్రాలు ఒంటరిగా కూర్చుని రాసేదని మొదటి జీవితకథ చెబుతుంది.

1789 నుంచి 1797 దాకా ఐదు నవలలు, ఒక యాత్రా గ్రంథం. ఆ తర్వాత మౌనం. 1823 ఫిబ్రవరి 7న చనిపోయేదాకా, అంటే పాతికేళ్ళకు పైగా, కొత్త నవల ఒక్కటీ అచ్చుకివ్వలేదు. 1797 నాటికి ఆమె వయసు ముప్పైమూడు. కీర్తి శిఖరం మీద ఉంది. మనుషులు ఖాళీని ఓర్చుకోలేరు. ఆమె ఎప్పుడో పోయిందన్నారు. భయం గురించి రాసీ రాసీ మతి చలించిందన్నారు. ఈ రెండో వదంతి ఎంత గట్టిగా పాకిందంటే, ఆమె పోయాక వచ్చిన జీవితకథలో వైద్యుడి మాటను సాక్ష్యంగా చూపించి ఖండించాల్సి వచ్చింది. ఆమెను బాధించింది ఉబ్బసం.

మౌనానికి విమర్శకులు చెప్పే కారణాలు మూడు రకాలు. తల్లిదండ్రుల ద్వారా వచ్చిన ఆస్తితో రాసి సంపాదించాల్సిన అవసరం తీరిపోయిందన్నది ఒకటి. 'ది మంక్' రాసిన లూయిస్ వంటివారి రక్తపు కథలతో కలిపి తన పేరూ వినబడటం ఆమెకు రోత పుట్టించిందన్నది మరొకటి. ఆరోగ్యం సహకరించలేదన్నది మూడోది. ఏ ఒక్కటీ పూర్తిగా నిలవదు. ఎందుకంటే ఆమె రాయడం మానలేదు, అచ్చు వేయడం మానింది. ఈ తేడా ముఖ్యం.

జీవితకథకు ఆధారాలు కూడా తక్కువే. కవయిత్రి క్రిస్టినా రోసెట్టి 1880లలో ఆమె చరిత్ర రాయబూని, సామగ్రి చాలక వదిలేసింది. మనకున్న మొదటి కథనం 1826లో థామస్ నూన్ టాల్ఫర్డ్ రాసింది. అది భర్త కనుసన్నల్లో తయారైంది. అందులో కనబడేది గుట్టుగా సంసారం చేసుకునే, కీర్తికి ముడుచుకుపోయే ఇల్లాలు. 1999లో రిక్టర్ నార్టన్ రాసిన జీవితకథ దీన్ని తిరగేసింది. రాజ్యమతాన్ని ఒప్పుకోని, హేతువాద ధోరణి గల క్రైస్తవ కుటుంబాల మధ్య ఆమె పెరిగిందని, టాల్ఫర్డ్ చూపిన ఆమె నెమ్మదితనం ఒక ముసుగని ఆయన వాదన. ఆయన కొన్నిచోట్ల ఉన్న ఆధారం మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు దానిమీద పెట్టారనిపిస్తుంది. అయినా టాల్ఫర్డ్ బొమ్మను చరిత్రగా నమ్మడం ఇక సాధ్యం కాదు.

ఎనిమిదేళ్ళ పని

మొదటి నవల 'ది కాజిల్స్ ఆఫ్ ఆథ్లిన్ అండ్ డన్‌బేన్' (1789) బలహీనమైనది. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 'ఎ సిసిలియన్ రొమాన్స్' (1790) నుంచి ఆమె తన దారి పట్టుకుంది. కోటలో ఒక వైపు నుంచి వింత చప్పుళ్ళు, వెలుగులు వస్తుంటాయి. దెయ్యం ఉందని అందరూ భయపడే ఆ భాగంలో నిజానికి ఉన్నది కథానాయిక కన్నతల్లి. మరో పెళ్ళి కోసం భర్త ఆమె చనిపోయిందని నమ్మించి, ఏళ్ళ తరబడి అక్కడ బంధించి ఉంచాడు. 'ది రొమాన్స్ ఆఫ్ ది ఫారెస్ట్' (1791) పేరు తెచ్చింది. రెండో ముద్రణ నుంచి పుస్తకం మీద ఆమె పేరు పడింది.

1794లో వచ్చిన 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో'కు ప్రచురణకర్తలు 500 పౌండ్లు ఇచ్చారు. మామూలు నవలకు పదో ఇరవయ్యో పౌండ్లు దక్కే రోజులవి. 1797లో 'ది ఇటాలియన్'కు 800 పౌండ్లు వచ్చాయి. ఈ రెంటిలోనూ కీలక ఘట్టాలు నడిచేది ఇటలీలో. ఆమె ఇటలీ చూడలేదు. 1794 వేసవిలో భర్తతో హాలండ్, జర్మనీ తిరిగి, స్విట్జర్లాండ్ చేరకుండానే వెనుదిరిగింది. ఉడాల్ఫోలోని కొండలు అప్పటికే అచ్చులో ఉన్నాయి. అవి యాత్రికుల పుస్తకాల నుంచీ, సాల్వటోర్ రోజా, క్లోడ్ లొరైన్ చిత్రాల నుంచీ వచ్చినవి. దీన్ని లోపంగా చూసినవాళ్ళున్నారు. చూడని కొండలను ఊహించి చూపించడం కాల్పనిక శక్తి కాకపోతే ఇంకేమిటని అడగవచ్చు.

ఉడాల్ఫో కథ 1584లో మొదలవుతుంది. గాస్కనీలో పెరిగిన ఎమిలీ తండ్రిని పోగొట్టుకుని మేనత్త పంచన చేరుతుంది. మేనత్త మోంటోని అనే ఇటాలియన్‌ను పెళ్ళాడుతుంది. అతను ఇద్దర్నీ అపెనైన్ కొండల్లోని ఉడాల్ఫో కోటకు చేరుస్తాడు. మేనత్త పేర ఉన్న భూములు రాయించుకోవడానికి ఆమెను బంధిస్తాడు. ఆమె సంతకం పెట్టకుండానే ప్రాణం విడుస్తుంది. ఆ తర్వాత అతని కన్ను ఎమిలీ ఆస్తి మీద పడుతుంది. కోటలో ఒక గదిలో నల్లటి తెర ఉంటుంది. ఎమిలీ దాన్ని తొలగించి, చూసినదానికి తట్టుకోలేక పడిపోతుంది. ఏం చూసిందో పాఠకుడికి చెప్పరు. కొన్ని వందల పేజీలు గడిచాక, పుస్తకం చివర్లో తెలుస్తుంది. అది కుళ్ళుతున్న శవంలా చేసిన మైనపు బొమ్మ. ఆ కోట పూర్వ యజమాని ఒకరికి మతాధికారులు విధించిన ప్రాయశ్చిత్తం.

తాడూ పామూ

రాడ్‌క్లిఫ్ మీద మొదటి పెద్ద ఫిర్యాదు ఆ బొమ్మ దగ్గరే పుట్టింది. ఐదు నవలల్లోనూ ఆమె పద్ధతి ఒక్కటే. అతీంద్రియమనిపించే ప్రతి సంఘటనకూ చివరికి లౌకిక కారణం దొరుకుతుంది. దెయ్యమన్నది ఖైదీ అవుతుంది, అదృశ్య సంగీతం ఒక సన్యాసిని వాయిద్యం అవుతుంది, మనిషిని మాయం చేసిన గది దొంగల రహస్య ద్వారం అవుతుంది. 1794లోనే ఒక సమీక్షకుడు, పెంచిన కుతూహలానికి తగ్గ సమాధానం రాలేదని అసంతృప్తి చెందాడు. ఆ సమీక్ష కోల్‌రిడ్జ్‌దేనని చాలాకాలం నమ్మారు, తర్వాత ఆ నమ్మకం సడలింది. 1824లో వాల్టర్ స్కాట్ ఆమెను కాల్పనిక వచనానికి మొదటి కవయిత్రిగా ఎంతో గౌరవించి మెచ్చుకుంటూనే, ఈ వివరణల దగ్గర మాత్రం పెదవి విరిచాడు. కారణం ఫలితానికి సరితూగదనీ, ఒకసారి గుట్టు తెలిశాక రెండోసారి చదివేవాడికి రుచి మిగలదనీ ఆయన బాధ. మన మాటల్లో చెప్పాలంటే కొండను తవ్వి ఎలుకను పట్టడం.

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. మైనపు బొమ్మ దగ్గర నిరాశపడని పాఠకుడు ఉండడు. కానీ ఇది నవల ఎక్కడ ఉందనుకుంటున్నామన్నదాని మీద ఆధారపడిన ఫిర్యాదు. చీకట్లో తాడును చూసి పాము అనుకున్నవాడి కథ మనకు వేదాంతం ద్వారా తెలుసు. దీపం తెస్తే పాము లేదు. అయితే చెమట పట్టింది నిజం, గుండె అదిరింది నిజం. స్కాట్ తాడు ఎంత సన్ననిదో కొలిచాడు. రాడ్‌క్లిఫ్ రాసింది దీపం వచ్చేదాకా గడిచిన రాత్రి గురించి.

ఈ వైపు నుంచి ఆమెను చదవడం ఇరవయ్యో శతాబ్దం రెండో భాగంలో బలపడింది. 1970లో త్స్వెతన్ తొదొరొవ్ అద్భుత సాహిత్యాన్ని విభజిస్తూ, అతీంద్రియాన్ని ఒప్పుకునే వాల్పోల్, లూయిస్‌లను ఒక వైపు, చివరికి లౌకిక కారణం చూపే రాడ్‌క్లిఫ్‌ను మరో వైపు పెట్టాడు. ఆయనకు ముఖ్యమైనది ఆ రెంటి మధ్య పాఠకుడు ఊగిసలాడే కాస్త సమయం. 1987లో టెర్రీ కాజిల్ ఇంకా ముందుకు వెళ్ళింది. అందరూ ఉడాల్ఫో కోట గురించే మాట్లాడతారు గానీ కోట బయటి మామూలు రోజులు చదవండి, అక్కడ ప్రతి మనిషీ దెయ్యంలాగే ఉన్నాడని ఆమె చూపించింది. చనిపోయిన తండ్రి, దూరమైన ప్రేమికుడు ఎమిలీ మనసులో ఎదుటివాళ్ళకంటే స్పష్టంగా మెదులుతుంటారు. కొండల్లో చోటు పోయిన దెయ్యాలు మనిషి మనసులోకి కాపురం మార్చాయన్నది ఆమె వాదన సారం. వర్డ్స్‌వర్త్ జ్ఞాపకాన్ని కవిత్వానికి మూలం చేసుకున్న సంగతి తెలిసినవారికి ఈ వాదన ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

భయానకం, బీభత్సం

ఆమె సిద్ధాంతకర్త కూడా. మరణానంతరం 1826లో 'న్యూ మంత్లీ మ్యాగజైన్'లో వచ్చిన వ్యాసంలో టెర్రర్, హారర్ ఒకటి కాదన్నది ఆమె ప్రతిపాదన. మొదటిది మనసును విప్పార్చి, శక్తులను మేల్కొలుపుతుంది. రెండోది ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుంది. మొదటిదానికి అస్పష్టత ప్రాణం, రెండోదానిలో అంతా ఎదుటే ఉంటుంది. 1757లో ఎడ్మండ్ బర్క్ భయాన్ని ఉదాత్తతకు మూలంగా చెప్పాడు. ఆమె దాన్ని తీసుకుని, అన్ని భయాలూ ఆ అర్హత పొందవని గిరి గీసింది.

భయానకాన్నీ బీభత్సాన్నీ వేర్వేరు రసాలుగా చదువుకున్న మనకు ఈ గిరి వెంటనే అర్థమవుతుంది. భరతుడి లెక్కలో మొదటిదానికి భయం, రెండోదానికి జుగుప్స స్థాయి. అయితే పోలిక అక్కడితో ఆపాలి. భరతుడు బీభత్సం నుంచే భయానకం పుడుతుందన్నాడు. రాడ్‌క్లిఫ్‌కు అవి ఎదురెదురు ధ్రువాలు. పైగా ఆమె టెర్రర్‌లో కొంత అద్భుతం కలిసి ఉంటుంది. కొండ ముందు నిలబడి చిన్నబోయి, అదే క్షణంలో పెద్దవాడినయ్యానన్న అనుభూతి అది.

ఈ భేదాన్ని ఆచరణలో చూడాలంటే లూయిస్ పక్కన ఆమెను పెట్టాలి. ఉడాల్ఫో చదివి ఉత్సాహం తెచ్చుకున్న లూయిస్ ఇరవయ్యేళ్ళ వయసులో 1796లో 'ది మంక్' అచ్చు వేశాడు. బలాత్కారం, హత్య, శవాల మధ్య ప్రసవం, చివరికి సాతాను స్వయంగా వచ్చే పుస్తకం అది. మరుసటి ఏడు వచ్చిన 'ది ఇటాలియన్'ను దానికి జవాబుగా చదివే సంప్రదాయం ఉంది. అందులో సన్యాసి షెడోని నిద్రపోతున్న ఎలేనా మీద కత్తి ఎత్తుతాడు. ఆమె మెడలోని చిన్న చిత్రం కనబడి ఆగిపోతాడు. లూయిస్ అయితే కత్తి దిగేది. ఆమె కత్తిని గాలిలో ఆపి, ఆ పైకెత్తిన చేతిలో ఒక మనిషి గతమంతా వణికేలా చేసింది. నా లెక్కలో 'ది ఇటాలియన్' ఆమె రాసినవాటిలో గొప్పది.

కవులు తీసుకున్నది, కాదన్నది

1800 నాటి 'లిరికల్ బాలడ్స్' ముందుమాటలో వర్డ్స్‌వర్త్ ఉన్మత్తమైన నవలలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని కోపగించాడు. తన కవిత్వం దానికి విరుగుడని ఆయన భావం. కోల్‌రిడ్జ్ 1797లో 'ది మంక్', 'ది ఇటాలియన్' వంటివాటిని సమీక్షించీ సమీక్షించీ కోటలూ చెరసాలలూ మొహం మొత్తాయని ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అదే ఏడాది చివర్లో 'ఏన్షెంట్ మారినర్' మొదలుపెట్టాడు. ఆ దరిదాపుల్లోనే 'క్రిస్టబెల్' మొదటి భాగం రాశాడు. కోట, అర్ధరాత్రి, అడవిలో అపరిచిత స్త్రీ అన్నీ అందులో ఉన్నాయి.

తర్వాతి తరం అంత కలవరపడలేదు. షెల్లీ బడి పిల్లవాడిగా ఉన్నప్పుడే గోథిక్ అనుకరణ 'జస్ట్రోజి' రాసి 1810లో అచ్చు వేశాడు. బైరన్ 1818లో 'చైల్డ్ హెరాల్డ్' నాలుగో సర్గలో వెనిస్ తన మనసులో ముద్ర పడటానికి కారకుల వరుసలో షేక్‌స్పియర్, షిల్లర్‌ల సరసన రాడ్‌క్లిఫ్ పేరు చేర్చాడు. ఆయన పాపభారపు నాయకుల పాలిపోయిన ముఖాల్లో షెడోని పోలికలు స్పష్టం. కీట్స్ ఉత్తరాల్లో ఆమెను చనువుగా, కొంచెం ఆటపట్టిస్తూ తలుచుకున్నాడు. 'ఈవ్ ఆఫ్ సెయింట్ ఆగ్నెస్' చదివినవాళ్ళకు ఆ చనువు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

ఆస్టిన్ సంగతి కూడా సరిచేయాలి. 'నార్తాంగర్ ఆబీ' రాడ్‌క్లిఫ్‌ను చావుదెబ్బ కొట్టిందని వాడుక. ఆ నవలలో ఉడాల్ఫోను ఒక్క ఊపులో చదివానని మెచ్చుకునేది అందరికంటే తెలివైన పాత్ర హెన్రీ టిల్నీయే. జనరల్ టిల్నీ భార్యను చంపలేదు నిజమే, కానీ డబ్బు లేదని తెలిసిన మరుక్షణం అతిథిగా వచ్చిన ఆడపిల్లను ఒంటరిగా బండెక్కించి పంపేస్తాడు. మోంటోనికి ఇంగ్లండులో బంధువులున్నారని ఆస్టిన్‌కు తెలుసు.

మూడు వంశవృక్షాలు

ఇరవయ్యో శతాబ్దపు పండితులు ఆమె చోటును మూడు రకాలుగా నిర్ణయించారు.

మొదటి వర్గం ఆమెను పూర్వగామి అంది. కాల్పనికోద్యమం అనే సూర్యోదయానికి ముందరి మసక వెలుగు ఆమె. గౌరవంగా వినిపించే ఈ బిరుదు నిజానికి అన్యాయం. బ్లేక్ 1757లో పుట్టాడు, ఆమె 1764లో, వర్డ్స్‌వర్త్ 1770లో. బ్లేక్ 'సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్', ఆమె మొదటి నవల ఒకే ఏడాది వచ్చాయి. తనకంటే ఏడేళ్ళు పెద్దవాడు ఉద్యమంలో ఉండగా ఆమె ఉద్యమానికి ముందరిది ఎలా అవుతుంది? తారీఖులు చూస్తే ఈ వాదం నిలవదు. అది ప్రక్రియను బట్టి వేసిన వరుస. పద్యం రాసినవాళ్ళు లోపల, నవల రాసిన స్త్రీ వాకిట.

రెండో వర్గం గోథిక్‌ను వేరే వంశంగా చూసింది. గోథిక్ పుస్తకాలను గంభీరంగా చదవడానికి దారి వేసినవారిలో భారతీయుడైన దేవేంద్ర ప్రసాద్ వర్మ ఒకరు. ఆయన 1957 గ్రంథం 'ది గోథిక్ ఫ్లేమ్' ఈ రంగంలో మైలురాయి. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ, ఎవరూ చదవని గోథిక్ నవలలను వెతికి మళ్ళీ అచ్చు వేయించాడు. ఆయన దృష్టిలో అవి ఒక ఆధ్యాత్మిక తపన. 1969లో రాబర్ట్ హ్యూమ్ రెండింటి మధ్య తేడాను గీత గీసి చూపాడు. లోకంలోని వైరుధ్యాలను కాల్పనిక కవి ఊహాశక్తితో సమన్వయం చేస్తాడు, గోథిక్ రచయిత వాటిని విప్పని ముడులుగానే వదిలేస్తాడు అన్నది ఆ గీత. దీన్ని వెంటనే రాబర్ట్ ప్లాట్జ్‌నర్ ఎదిరించాడు. రాడ్‌క్లిఫ్ విషయంలో హ్యూమ్ గీత తిరగబడుతుంది కూడా. ముడులన్నీ విప్పేసేది ఆమె. 'క్రిస్టబెల్'ను ముగించలేక వదిలేసింది కోల్‌రిడ్జ్.

మూడో వర్గం, ముఖ్యంగా 1990ల నుంచి, రెండూ వేరన్న మాటే ఎలా పుట్టిందో వెతికింది. మైఖేల్ గేమర్ 2000లో వచ్చిన పుస్తకంలో చెప్పినదాని ప్రకారం, గోథిక్ అప్పటికే అద్దె గ్రంథాలయాల సరుకుగా, ఆడవాళ్ళ చదువుగా చులకనైపోయింది. పెద్దకవి అనిపించుకోవాలంటే దాన్ని వాడుకోవాలి, వాడుకున్నట్టు కనబడకూడదు. వర్డ్స్‌వర్త్ ముందుమాటలోని కోపం ఆ అవసరంలోంచి పుట్టింది. ఈ వాదం ముందు మిగతా రెండూ వెలవెలబోతాయి. అయితే దానికీ ఒక పరిమితి ఉంది. రాడ్‌క్లిఫ్‌ను బయట ఎందుకు పెట్టారో అది చక్కగా చెబుతుంది. లోపలికి తీసుకొస్తే ఏ గుణాన్ని చూసి తేవాలో చెప్పదు.

నాకు కనబడే గుణం ఇది. ఆమెకంటే ముందు నవలల్లో కొండా, వెన్నెలా కథకు పరదాలు. ఆమె పుస్తకాల్లో ఎమిలీ ఏం చూస్తోందన్నది ఎమిలీ ఏమైపోతోందన్నదానితో విడదీయలేనంతగా కలిసిపోయింది. సంధ్య వాలుతున్న ఉడాల్ఫోను ఆమె మొదటిసారి చూసే ఘట్టంలో కోట వర్ణన ఎక్కడ ఆగి భయం ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఇది వర్డ్స్‌వర్త్ పద్యంలో సాధించిన పనికి చుట్టం. ఆమె వచనంలో ముందే చేసింది. నవలల మధ్య ఆమె పొదిగిన సొంత పద్యాలు మాత్రం సాధారణమైనవి. ఆమె కవిత్వమంతా వచనంలోనే ఉంది.

స్త్రీధనం, తాళం చెవులు

ఎలెన్ మోయర్స్ 1976లో 'ఫిమేల్ గోథిక్' అన్న మాట వాడుకలోకి తెచ్చాక ఆమె మీద చర్చ దారి మారింది. కాల్పనికోద్యమంలో చోటు ఉందా లేదా అన్నది పక్కకుపోయి, ఈ కోటలు ఎవరి ఇళ్ళు అన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఆనాటి ఇంగ్లిష్ చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ ఆస్తి, ప్రత్యేక ఏర్పాటు లేకపోతే, భర్త చేతిలోకి పోయేది. మోంటోని భార్య ప్రాణం మీదికి తెచ్చుకున్నది ఆ ప్రత్యేక ఏర్పాటు వల్లే. అది ఆమె స్త్రీధనం. సిసిలీ కథలో భర్త సజీవంగా పాతిపెట్టిన భార్య, ఉడాల్ఫోలో సంతకం పెట్టని భార్య. ఈ కోటల్లో దెయ్యాలు అబద్ధం, మొగుళ్ళు నిజం. కేట్ ఫెర్గూసన్ ఎల్లిస్ వంటివారు ఇంటినే చెరసాలగా చదివింది ఈ ఆధారంతోనే.

ఎదురు వాదం కూడా బలమైనదే. ఎమిలీ ధైర్యం ఓర్పుదే గానీ ఎదిరింపుది కాదనీ, బాధితురాలి వేషమే ఆమె ఆయుధమనీ డయాన్ హోవెలర్ 1998లో వాదించింది. ఆ నాయికలు చివరికి పెళ్ళి చేసుకుని ఎస్టేటులో స్థిరపడతారు. ఒకటి మాత్రం గమనించాలి. ఎమిలీ తన భూముల కాగితాల మీద సంతకం పెట్టనని మోంటోని ఎదుట హక్కు ప్రస్తావించి మాట్లాడుతుంది. ఒత్తిడికి లొంగి తర్వాత ఇచ్చేసినా, ఆ మాటలు పుస్తకంలో ఉన్నాయి.

విప్లవ కాలపు మనిషి

1800లో ఫ్రెంచి రచయిత సాద్ ఈ గోథిక్ నవలలు యూరప్‌ను కుదిపిన విప్లవ ప్రకంపనల ఫలమన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమెను రాజకీయంగా చదివినవాళ్ళు రెండుగా చీలారు. నిరంకుశ ప్రభువులు, మఠాలు, ఇంక్విజిషన్ చెరసాలలు చూపించింది కనుక విప్లవ పక్షమని కొందరు. దుర్మార్గమంతా కాథలిక్ దక్షిణానికీ పాత కాలానికీ అంటగట్టి, చివర్లో ఆస్తినీ వంశాన్నీ నిలబెట్టింది కనుక యథాస్థితి పక్షమని మరికొందరు. 1795 నాటి ఆమె యాత్రా గ్రంథంలో యుద్ధం పాడుచేసిన రైన్ తీరపు ఊళ్ళ మీద జాలి ఉంది, స్వేచ్ఛ మీద ప్రేమ ఉంది, ఇంగ్లండు మీద గర్వమూ ఉంది. ఏ జెండా కిందికీ ఆ పుస్తకం పూర్తిగా రాదు.

ఇంకా తేలనిది

తేలనివాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆమె చివరి నవల. 1802లో కెనిల్వర్త్ కోట శిథిలాలు చూసొచ్చాక ఆమె 'గాస్టన్ డి బ్లాండ్‌విల్' రాసింది. మూడో హెన్రీ రాజు కొలువులో, హతుడైన ఒక యోధుడి కోసం న్యాయం అడిగే వర్తకుడి మాట ఎవరూ నమ్మరు. నమ్మించడానికి చచ్చినవాడే వస్తాడు. ఈసారి ఎవరి మారువేషమూ కాదు, మైనపు బొమ్మా కాదు. నిజం దెయ్యం. చివర్లో ఏ వివరణా ఉండదు.

టెర్రర్, హారర్‌ల గురించిన ఆ ప్రసిద్ధ వ్యాసం మొదట ఈ నవలకు ఉపోద్ఘాతంలోని భాగం. కెనిల్వర్త్ వైపు ప్రయాణించే ఇద్దరు బాటసారుల సంభాషణ అది. అందులో ఎక్కువ మెప్పు పొందేది హామ్లెట్ తండ్రి ప్రేతం, అంటే వివరణ లేని దెయ్యం. పత్రికలో విడిగా వేసినప్పటి నుంచీ విమర్శకులు ఆ వ్యాసాన్ని ఉడాల్ఫోకు తాళం చెవిగా వాడుతూ వస్తున్నారు. ఆమె దాన్ని చేసింది మరో తలుపు కోసం.

అలాగైతే ప్రతి దెయ్యానికీ కారణం చూపించడం ఆమె నమ్మకమా, ఆ కాలపు సమీక్షకుల మర్యాద కోసం కట్టిన సుంకమా? హేతువుకు కట్టుబడిన రచయిత్రి ఒక్కసారి సరదాగా గీత దాటిందా, లేక మొదటి నుంచీ దాటాలనుకున్న గీతను ఎవరూ చూడని చోట దాటిందా? పూర్వగామి వర్గానికి ఈ పుస్తకం అడ్డం, ఎందుకంటే ఇది కవులతో పాటే రాసింది. వేరే వంశం అన్నవారికీ అడ్డమే, ఎందుకంటే అందులో ఆమె షేక్‌స్పియర్ వారసత్వాన్ని బాహాటంగా కోరుకుంది. స్త్రీవాద పఠనం దీని జోలికి అంతగా పోలేదు, ఎందుకంటే ఇందులో బంధించిన నాయిక లేదు. ఉడాల్ఫో మీద ఉన్నంత విమర్శలో పదో వంతైనా దీని మీద లేదు.

రాత ప్రతి ఆమె దగ్గరే ఇరవై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. ఆ కాలంలోనే స్కాట్ చారిత్రక నవలతో దేశాన్ని గెలుచుకున్నాడు. 1821లో ఆయన కెనిల్వర్త్ పేరుతోనే ఒక నవల కూడా వేశాడు. ఆమె చూస్తూ ఊరుకుంది. 1826లో, ఆమె పోయిన మూడేళ్ళకు, భర్త ఆ పుస్తకాన్ని అచ్చుకిచ్చాడు.